నాలుగో భుజం

నాగలోయ దాటిన మర్నాడు, మాఘ బహుళ చతుర్దశి నాటి వేకువన, పైడిబోయి కళ్ళు తెరిచేసరికి తూర్పు కొండల మీద చంద్రుడు గోరంత మిగిలి ఉన్నాడు. రేపటికి ఆ గోరు కూడా ఉండదు. రేపు పొద్దు కుంకే లోగా అతడు పాదుకాచలం మీది తీర్థాన్ని దోసిట పట్టకపోతే, మణిశృంగపుర యువరాణి హేమలేఖ నిలువునా శిల అయిపోతుంది.

తన అంతఃపురంలో అడుగుపెట్టమని మాంత్రికుడు ధూమకర్ణుడు అడిగాడు. పెట్టనంది హేమలేఖ. "నా గడప తొక్కనన్న పాదాలు ఇక ఏ గడపా తొక్కకూడదు" అని వాడు పిడికెడు బూడిద ఊదాడు. ఆనాడు పాదాల దగ్గర మొదలైన రాయి మోకాళ్ళకు పాకింది, నడుముకు పాకింది. అమావాస్య సూర్యుడు అస్తమిస్తే గుండెను ముట్టుకుంటుంది.

పాదుకాచలం తీర్థంతో విరుగుడు ఉంది. దోసిట పట్టి ఆమె పేరు తలచుకుంటే చాలు, ఎంత దూరాన ఉన్నా రాయి కరుగుతుంది. కానీ ఆ తీర్థం నడిచి వచ్చిన కాళ్ళకే తీర్థం. మణిశృంగపురం కోటగుమ్మం నుంచి కొండ కొమ్ము దాకా ప్రతి అడుగూ నేల మీద పడాలి. గుర్రమెక్కి గాని, బండెక్కి గాని, పడవెక్కి గాని వచ్చినవాడి చేతిలో అది ఇసుక అవుతుంది. ఒకసారి ఇసుక అయితే ఆ మనిషికి మళ్ళీ ఎప్పటికీ నీరు కాదు. నలుగురు రాజకుమారులు మెరుపుల్లాంటి గుర్రాల మీద బయలుదేరారు. ఒక్కరూ తిరిగి రాలేదు.

చివరికి బయలుదేరినవాడు పైడిబోయి. యువరాణి పల్లకి మోసే నలుగురిలో ఒకడు. హేమలేఖ చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ మోస్తున్నాడు. కొండదారి ఎగుడు వచ్చిందంటే ఆ పిల్ల తెర తొలగించి కిందికి దూకేది. "మీ భుజాలకు నెప్పి పెడుతుంది, నేను నడుస్తాలే" అనేది. అలాంటి పాదాలు రాయి కావడం ఏ న్యాయమని అతడు రోజూ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాడు. దేవుడింకా జవాబు చెప్పలేదు. జవాబు వచ్చేదాకా నడుద్దామనుకున్నాడు.

బయలుదేరేటప్పుడు ఆమె ఒకటే అడిగింది. "పైడిబోయీ, దారిలో బాగున్నవన్నీ చూసి రా. వచ్చి నాకు చెప్పు. ఇక్కడ గోడ తప్ప ఏమీ కనబడదు."

అందుకని అతడు చూస్తూ నడిచాడు.

అడవి ఆ ఉదయం పెళ్ళికి సింగారించుకున్నట్టుంది. ఆకు రాలిన కొమ్మల మీద మోదుగపూలు నిప్పుకణికల్లా రగులుతున్నాయి. వెదురుపొదల సందుల్లోంచి జారిన ఎండ పొడలు పొడలుగా నేల మీద పడుకుని ఉంది. నెమలి ఒకటి దారికి అడ్డంగా వచ్చి, ఈ దారి నాది అన్నట్టు నిలబడి, కాసేపటికి దయతలచి తప్పుకుంది. ఆ రోజు శివరాత్రి కనుక పైడిబోయికి ఉపవాసం. పళ్ళూ నీళ్ళూ మాత్రమే. ఎండకు ముడతపడిన రేగుపళ్ళు ఏరుకుని ఒక్కొక్కటీ చప్పరిస్తూ పోయాడు. సెలయేటి మడుగులో కాళ్ళు పెడితే గింజంత చేపపిల్లలు గుంపుగా వచ్చి మడమలు కొరికాయి. గిలిగింతలకు ఒంటరిగా కూర్చుని పకపకా నవ్వాడు. ఒక ఉసిరిచెట్టు కింద కాయ దొరికింది. దాన్ని నమిలి, ముఖం చిట్లించి, దోసెడు నీళ్ళు తాగాడు. నీళ్ళు చక్కెర కలిపినట్టు గొంతులోకి దిగాయి. 'ఇది తప్పకుండా చెప్పాలి' అనుకున్నాడు.

లేచి నాలుగడుగులు వేశాడో లేదో వెనక గంటల చప్పుడు. తెల్లటి ఎడ్లు కట్టిన బండి. తోలేవాడు పండు ముసలి, నుదుట విభూతిరేఖలు, కళ్ళనిండా జాలి.

"కాళ్ళు పుళ్ళు పడ్డాయి గదా నాయనా. ఎక్కు. అడవి చివరిదాకా దింపి పోతాను."

"వద్దు తాతా. మొక్కు ఉంది."

"శివరాత్రి పూట ముసలాడి మాట తోసేస్తావా? ఒక్క కాలు బండి మీద పెట్టు. అంతే. నా మనసుకు తృప్తి."

"తృప్తి మనసుకు కావాలంటే కాలెందుకు తాతా? నమస్కారం పెడతాను, తీసుకో" అని చేతులు జోడించాడు పైడిబోయి.

నమస్కారం అందుకోగానే ముసలివాడి విభూతిరేఖలు నల్లబడ్డాయి. ఎడ్లు రెండూ నోళ్ళు తెరిచి తోడేళ్ళలా అరిచాయి. బండి చక్రాలు భగ్గుమన్నాయి. పైడిబోయి ఒక్క ఉరుకున ముళ్ళకంపలోకి దూకాడు. నిప్పుచక్రం అతడి తలపాగా అంచును కాల్చుకుంటూ పోయి చెట్టుకు తగిలి బూడిదైంది. పొగలోంచి ధూమకర్ణుడి గొంతు మాత్రం మిగిలింది. "ఎక్కమంటే ఎక్కవు. చూద్దాం, ఎంత దూరం నడుస్తావో."

పైడిబోయి ముళ్ళు లాక్కుని, తలపాగా దులుపుకుని నడక సాగించాడు.

మిట్టమధ్యాహ్నానికి అడవి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎవరో గీత గీసి ఇక ముందుకు రావద్దని చెట్లకు చెప్పినట్టుంది. గీతకు అవతల మూగబయలు. కనుచూపు మేర నల్లటి నేల, మీద తెల్లటి ఎండ. గాలి లేదు, పిట్ట లేదు, చీమ లేదు. మామూలు నడకకు రెండు పగళ్ళ దారి. దాని కొసన, ఆకాశానికి ఆనించిన పాదుకలా, నీలంగా పాదుకాచలం.

రాత్రంతా నడిస్తే రేపు పొద్దు వాలేసరికి అందుకోవచ్చు. ఎలాగూ ఈ రాత్రి జాగారమే. శివుణ్ణి తలచుకుని గీత మీద కుడికాలు పెట్టాడు. ఎడమకాలు పెట్టాడు. అప్పుడు వినబడింది.

ఓహోం… ఓహోం… ఓహోం…

బోయీల పాట. చెవిలో పడగానే అతడి ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్ళ ఒంటరి నడకలో తనవాళ్ళ గొంతు వినడం ఇదే మొదలు. నిలబడ్డచోటే తల తిప్పి చూశాడు.

పల్లకి వస్తోంది. దంతపు పనితనం, వెండి గొలుసులు, చిలకపచ్చ పట్టుతెర, దండె కొసలకు మకరముఖాలు. ముందు ఇద్దరు, వెనక ఒక్కడు. నాలుగో చోటు ఖాళీ. వెనకున్నవాడు ఒక్కడే రెండు వైపులా ఆపలేక తూలుతున్నాడు. పల్లకి ఒక పక్కకు ఒరిగింది. మకరముఖం నేలకు జానెడు ఎత్తుకు జారింది.

"భుజం!" అని కేక పెట్టాడు ముందున్నవాడు.

బోయీలలో ఒక కట్టుబాటుంది. దారిలో పల్లకి ఒరిగితే పక్కన పోయే బోయీ ఏ ఊరివాడైనా సరే, అడగకుండా వచ్చి భుజం కలపాలి. ఊరూ పేరూ తర్వాత. పల్లకి పడితే మోసిన నలుగురి ఇళ్ళకూ కీడని వాళ్ళ నమ్మకం. ఆ కేకకు పైడిబోయి ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే మిట్టమధ్యాహ్నం ఈ మూగబయలులో పల్లకి ఏమిటని తోచేది. కానీ ఆ కేక మనసుకు చేరే లోపలే భుజానికి చేరింది. పక్కకు వచ్చిన దండె కింద నిలబడ్డచోటే భుజం దూర్చాడు. ఎక్కమంటే ఎక్కనివాడు మొయ్యమంటే మోశాడు.

"వచ్చాడ్రా నాలుగోవాడు" అన్నాడు ముందున్న ముసలి బోయీ, వెనక్కి తిరక్కుండానే. "మెత్తగా కలిపాడు. పనిమంతుడే."

"ఎత్తు చాలలేదు దాలయ్య మావా" అన్నాడు అతడి పక్కవాడు. "బరువంతా నా నెత్తిమీదికే వాలతంది."

"వాలితే వాలనీరా గంగులూ. నీ నెత్తిలో చితకడానికి ఏముందని?"

పైడిబోయి పక్కనున్న మూడోవాడు కిసుక్కున నవ్వాడు. వాడి పేరు సత్తెడు. నవ్వు బాగుంది గాని, ఆ నవ్వుకు ఊపిరి లేదు.

"దొర ఎవరు మావా? ఎక్కడికి పోతున్నారు?" అడిగాడు పైడిబోయి.

"చూడు మావా, బయల్దేరినోళ్ళని ఎక్కడికని అడుగుతున్నాడు" అన్నాడు సత్తెడు. "మీ ఊళ్ళో నేర్పలేదా అబ్బీ?"

"దొర రణకేసరి బాబు" అన్నాడు దాలయ్య. "నేను చెప్పేదాకా దించొద్దన్నారు. ఇంకా చెప్పలేదు. నడు."

నడిచారు. నడిచారనడం కంటే, మూగబయలే వాళ్ళ కింద నుంచి వెనక్కి పరుగెత్తిందనాలి. పాదుకాచలం చేయి చాచినట్టు దగ్గరవుతోంది.

"ఒంటరిగా వచ్చావంటే ఆగుతా ఆగుతా వచ్చుంటావు" అన్నాడు సత్తెడు, కాసేపటికి. "దారిలో ఏం తిన్నావు?"

"రేగుపళ్ళు. తర్వాత ఉసిరికాయ తిని నీళ్ళు తాగాను."

ముగ్గురూ పాట ఆపేశారు.

"ఉసిరికాయ తిని నీళ్ళు తాగితే ఎట్టుంటదో మర్చిపోయాను మావా" అన్నాడు గంగులు.

"తియ్యగా ఉంటదిరా" అన్నాడు దాలయ్య.

"తియ్యగా అంటే?"

దాలయ్య నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ ఓహోం అని పాట అందుకున్నాడు.

పైడిబోయికి ఏదో తేడా తోచింది. తల వంచి కిందికి చూశాడు. ముందున్నవాళ్ళ మడమల వెనక దుమ్ము లేవడం లేదు. వాళ్ళ పాదాలు నేలకు బెత్తెడు ఎత్తున కదులుతున్నాయి. తన పాదాలు చూసుకున్నాడు. అవీ అంతే. భుజం లాక్కోబోయాడు. దండె చర్మానికి అతుక్కుపోయినట్టుంది, రాలేదు.

అప్పుడు నేల కనబడింది. నల్లటి మన్నులోంచి గుర్రాల పక్కటెముకలు పైకి లేచి ఉన్నాయి. ఒక చోట జీను. ఒక చోట రత్నాలు తాపిన కిరీటం, దాని కింద తల కూడా. మన్ను కదులుతోంది. పైన పోయే పాదాల కోసం చేతుల్లా లేచి, అందక, మళ్ళీ పడుకుంటోంది. నలుగురు రాజకుమారులూ ఎక్కడ ఆగిపోయారో అతడికి అర్థమైంది.

పొద్దు ఇంకా నడినెత్తి నుంచి దిగలేదు, పల్లకి కొండ కిందికి చేరింది. పైనుంచి తీర్థం పారే చప్పుడు స్పష్టంగా వినబడుతోంది. బండల మధ్య నుంచి చల్లటి తేమ వచ్చి ముఖానికి తగిలింది.

"ఇక్కడి దాకా వస్తాం. మళ్ళీ తిరుగుతాం" అన్నాడు దాలయ్య. "ఈ మలుపులో దండె ఒక్క క్షణం వదులవుతుంది. దూకెయ్యి అబ్బీ. ముందు వచ్చిన నాలుగోవాళ్ళంతా ఇక్కడే దూకారు."

"దూకి ఏమయ్యారు?"

"తెలీదు. పల్లకి మోసేవాడు వెనక్కి చూస్తాడా?"

పైడిబోయి కొండకేసి చూశాడు. రెండు పగళ్ళ దారి క్షణంలో గడిచింది. పైకి నాలుగు అంగలు. కానీ ఈ బయలంతా తన అడుగు ఒక్కటీ నేల మీద పడలేదు.

"ఏంటాలోచిస్తున్నావ్?" అన్నాడు గంగులు. పైడిబోయి తన మొక్కు సంగతి చెబితే కొట్టిపారేశాడు. "నువ్వేం పల్లకిలో కూర్చోలేదు గదా. మోశావు. కాళ్ళు ఆడించావు. చెమటోడ్చావు. ఇది నడక కాదని ఏ దేవుడంటాడు?"

నిజమే కదా అనిపించింది. మోసినవాడు నడిచినట్టా, నడవనట్టా? దేవుడు అడుగులు చూస్తాడా, కష్టం చూస్తాడా? పైడిబోయి చేయెత్తి నుదురు తుడుచుకున్నాడు. చేయి పొడిగా ఉంది. ఒక్క చెమటచుక్క లేదు. కాలివేళ్ళ సందుల్లో మన్ను లేదు. పొద్దున మండిన పుండ్లు ఇప్పుడు మండడం లేదు. కష్టం కూడా పడలేదు మరి.

దండె వదులైంది. "దూకు" అన్నాడు సత్తెడు.

పైడిబోయి దూకలేదు. భుజం ఇంకాస్త గట్టిగా ఆనించాడు.

"వెనక్కి తిప్పండి మావా. నేను భుజం కలిపిన చోటికి."

"పిచ్చోడా" అన్నాడు గంగులు. "వెనక్కి తీసుకుపొమ్మన్నోణ్ణి ఇంతవరకూ చూళ్ళేదు."

"ఆడి ఇష్టంరా" అన్నాడు దాలయ్య. "తిప్పండి."

తిరుగుదారిలో పైడిబోయి మాట్లాడలేదు. అతడి ధ్యాసంతా భుజం మీద ఉంది. పల్లకి ఎక్కినవాడు మామూలు మనిషైతే, మలుపులో ఇటు వాలుతాడు, పల్లంలో వెనక్కి జరుగుతాడు, కునుకు పడితే ఒక పక్కకు బరువవుతాడు. హేమలేఖ అయితే పాట పాడుతూ కాలు ఊపేది, ఆ ఊపు భుజానికి తెలిసేది. ఈ బరువు మాత్రం ఎత్తినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కొండ మలుపులో కూడా కదల్లేదు.

మూగబయలు అంచు చేరారు. అక్కడ మన్నులో అతడి పాదముద్రలు రెండే రెండు, కుడిది, ఎడమది.

"ఆగండి మావా. దొర ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడారు?"

"దొడ్డ మనిషి. ఊరికే మాట్లాడతాడా?"

"దగ్గారా? ఒక్కసారైనా తుమ్మారా?"

గంగులు భుజం మీద దండె సర్దుకున్నాడు.

"తెర తీసి చూశారా?"

"ఏం మాటరా అది?" అన్నాడు దాలయ్య. "బోయీ తెర తీస్తాడా? నా బతుకులో తియ్యలేదు."

"బతుకులో తియ్యలేదు సరే మావా. ఇప్పుడు తియ్యి."

దాలయ్య వెనక్కి తిరిగాడు. అదే మొదటిసారి తిరగడం. అతడి ముఖం ఎండిన చెరువులా బీటలు వారి ఉంది. పట్టుతెర పక్కకు జరిపాడు.

లోపల ఎర్రటి దిండ్ల మధ్య, తలపాగాతో, ఉంగరాలతో, దొరగారి ఎముకలు రాజసంగా కూర్చుని ఉన్నాయి.

"దాహమని ఆగుదామన్నాం" అన్నాడు గంగులు, తనలో తాను మాట్లాడుకున్నట్టు. "దొర కోప్పడతాడని ఆగలేదు."

"పాడెను మోస్తున్నాం మావా" అన్నాడు సత్తెడు.

"పాడెను కూడా సగం దారిలో దింపుతారు" అన్నాడు పైడిబోయి మెల్లగా. "చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పలక్కపోతే ఇక ఆశ వదులుకుంటారు. మీ దొరను ఎవరూ పిలవలేదు. నువ్వు పిలువు మావా."

"దొర పేరు నేను పెట్టి పిలవడమా?"

"పిలవాల్సిన కొడుకులు రాలేదు. నువ్వే వచ్చావు ఇంత దూరం."

దాలయ్య వంగి ఎముకల చెవి దగ్గర నోరు పెట్టాడు. "రణకేసరీ" అన్నాడు. తప్పు చేసినవాడిలా అందరి వైపూ చూశాడు. "రణకేసరీ." మూడోసారి ఆ పేరును పెద్దన్న తమ్ముణ్ణి పిలిచినట్టు పిలిచాడు.

పల్లకి పలకలేదు. దాలయ్య కళ్ళు మూసుకుని, "దించండిరా" అన్నాడు.

దించారు. మకరముఖాలు మన్ను తాకగానే వెండి నల్లబడింది, దంతం పొడి అయింది, పట్టుతెర దుమ్ములా రాలిపోయింది. పైడిబోయి భుజం మీది పట్టు ఊడింది. అతడి పాదాలు నేలకు ఆనాయి. పుండ్లు ఒక్కసారిగా భగ్గున మండాయి. ఆ మంట ఎంత హాయిగా ఉందో అతడికే తెలుసు.

ముగ్గురు బోయీలు మాత్రం ఇంకా బెత్తెడు ఎత్తునే నిలబడి ఉన్నారు.

"మావా, మరి మనం?" అన్నాడు గంగులు.

"నీకు దాహం వేస్తందా?"

గంగులు ఆలోచించాడు. "లేదు."

"అయితే అంతే మరి" అన్నాడు దాలయ్య. పైడిబోయి వైపు తిరిగాడు. "మమ్మల్ని పిలిచేవాళ్ళూ ఎవరూ లేరు అబ్బీ."

పైడిబోయి పిలిచాడు. గంగులు పేరు మూడుసార్లు. మూడోదానికి గంగులు నిలబడిన చోట ఎండ తప్ప ఏమీ లేదు. సత్తెడు పేరు మూడుసార్లు. సత్తెడు నవ్వుతూనే పోయాడు. దాలయ్యను రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవగానే "ఆఁ" అన్నాడు దాలయ్య.

"పలక్కూడదు మావా."

"అలవాటురా. పిలిస్తే పలకడమే గదా మన పని." ముసలివాడు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. "మళ్ళీ మొదట్నించీ పిలువు."

మళ్ళీ పిలిచాడు. ఈసారి జవాబు లేదు.

పొద్దు పడమటికి వాలింది. బయలు మీద ఒక్కడే మిగిలాడు. ఎగిరి దాటించే పల్లకి లేదు. కొండ మళ్ళీ నీలంగా, రెండు పగళ్ళ దూరాన ఉంది. మన్నులో ఏమేం పొంచి ఉందో ఇప్పుడతడికి బాగా తెలుసు. తన ఎడమ పాదముద్రలో ఎడమకాలు సరిగ్గా ఆనించి, కుడికాలు ముందుకు వేశాడు.

మన్ను ఆ పాదాన్ని మెత్తగా పట్టుకుంది. చల్లటి వేళ్ళు చీలమండ చుట్టూ ఒక్కొక్కటిగా ముడుచుకున్నాయి. అదే సమయానికి వెనక నుంచి పిలుపు వచ్చింది.

"పైడిబోయీ."

హేమలేఖ గొంతు. అచ్చంగా ఆమె గొంతే. మన్ను మోకాలిదాకా ఎక్కింది. అడవిలో, బయలులో వెనక నుంచి వచ్చే పిలుపుకు పలికితే ప్రాణం పోతుందని పెద్దలు చెబుతారు.

"పైడిబోయీ." రెండోసారి, ఇంకా దగ్గరగా, చెవి పక్కనే.

పలికితే పిశాచం పట్టుకుంటుంది. మూడో పిలుపుకూ పలక్కపోతే, ఈ నేల తనను చచ్చినవాళ్ళ లెక్కలో కలుపుకుంటుందని ఇప్పుడే కళ్ళారా చూశాడు. చెవి పక్కన ఊపిరి లేని నోరు మూడోసారి తెరుచుకుంది.

"వస్తున్నా తల్లీ" అన్నాడు పైడిబోయి గట్టిగా, తల తిప్పకుండా, ఎదుటి కొండకేసి చూస్తూ. "నడిచే వస్తున్నా." అని మన్నులోంచి కాలు పెళ్ళగించి, రెండో అడుగు వేశాడు.